సీసాలో నీళ్లు, గిన్నెలో మట్టి

నారపుట్టుగ
29 జూన్ 2025

ధరణికి,

నాలుగు రోజులుగా ముసురు. ఈ రోజు తెరిపి ఇచ్చింది గానీ గాలి తగ్గలేదు. సముద్రం హోరు ఇంటిదాకా వినిపిస్తోంది. పొద్దున్నే నారుమడి గట్లు సర్ది వచ్చాం. తర్వాత మీ బావ తోటలో రాలిన కొబ్బరి కమ్మలు ఏరాడు. నేను పలాస నుంచి వచ్చిన జీడిపప్పు బస్తా ముందేసుకుని పొట్టు తీయడానికి కూర్చున్నాను. తేమకి పొట్టు ఊడటం లేదు. గట్టిగా గీకితే పప్పు విరిగి బద్దల్లో కలిసిపోతుంది.

నీ ఫోను పలకదని, ఉత్తరాలే దారని చెప్పి వెళ్లావు కదా. అందుకని రాస్తున్నాను. పూండి పోస్టాఫీసులో కవరు అడిగితే అక్కడున్న అమ్మాయి కోర్టు పనా అని అడిగింది. మా చెల్లికి అన్నాను. చెల్లికి ఫోను లేదా అంది. ఉంది, అక్కడ టవరు లేదు అని చెప్పి వచ్చేశాను.

మీ బావ సంగతి. కాళ్లు వాస్తున్నాయి. పొద్దున్న తగ్గి సాయంత్రానికి మళ్లీ వస్తోంది. పలాస ఆసుపత్రిలో రక్తం చూసి కిడ్నీల పని తగ్గిందన్నారు. ఉప్పు మానమన్నారు, మాత్రలు ఇచ్చారు. ఎందుకొచ్చిందండీ అని అడిగాను. ఈ ఊళ్లలో ఎందుకొస్తోందో ఇంకా తేలలేదమ్మా అని చెప్పాడు డాక్టరు. మంచివాడు. అబద్ధం ఆడలేదు.

చెన్నై నుంచి మీ బావ అన్న కామేశ్ ఫోను చేస్తున్నాడు. తను వాచ్‌మన్‌గా ఉన్న ఫ్లాట్లలో ఇంకో మనిషి కావాలట. అక్కడ తాగేది క్యాను నీళ్లే, ముందు ఊరు మారమంటాడు. మీ బావ ఒకటే మాట అంటున్నాడు. "మన నీల్లలోనే ఉందని ఒక్కరు సెప్పనీ, రేపే ఎల్లిపోతాను. ఏటీ తెలీకుండా తోట ఒగ్గీసి పారిపోమంటావేటి?"

ఇంటికి కుళాయి నీళ్లు వస్తున్నాయి, అవే తాగుతున్నాం. తోటలో ఉన్నప్పుడు మాత్రం నూతి నీళ్లే. ఆ నుయ్యి మాకూ, రత్నాలమ్మత్తకీ, ఢిల్లీబాబుకీ మూడు తోటలకీ ఉమ్మడి. ఆ నీళ్లు ఎవరెవరో వచ్చి పట్టుకెళ్లారు. ఒకసారి తెల్లకోట్ల వాళ్లు, ఒకసారి కాలేజీ పిల్లలు. ఏముందో తిరిగొచ్చి చెప్పినవాళ్లు లేరు. ఆ నూతి నీళ్లు తాగిన మన పాపారావు మావ ఇదే జబ్బుతో పోయి ఏడాది అవుతోంది.

అంగారకుడి కోసం చేస్తున్న నీ యంత్రం పిడికెడు మట్టిలో ఏది సూది మొనంత ఉన్నా పట్టేస్తుందని చెప్పావు. అందుకే పార్శిల్లో ఒక సీసా పెట్టాను. నూతి నీళ్లు. సీసా కాచి, ఆరబెట్టి, నేనే తోడి పోశాను. నీ యంత్రంలో వేసి చూసి చెప్పు. ఆయన వెళ్తే మంచిదో ఉంటే మంచిదో నాకు తెలియదు. ఏదో ఒకటి తెలిస్తే చాలు.

సీసా పక్కనే జీడిపిక్కలు పెట్టాను. పెరట్లో కమ్మల మంట మీద కాల్చినవి. కొట్టకుండానే పంపుతున్నాను, నువ్వు కొట్టుకుని తింటే గానీ రుచి లేదనేదానివి. చేతులు జాగ్రత్త.

మా అమ్ములు ఎనిమిదో తరగతికి వచ్చింది. పిన్ని అంగారకుడి మీద దిగుతుందా అని అడుగుతోంది.

మీ అక్క
ప్రమోదిని


శిబిరం, లడఖ్
17 జూలై 2025

అక్కకి, బావకి నమస్కారాలు.

పార్శిలు పోయిన శనివారం సరుకుల బండిలో వచ్చింది. సీసా కారలేదు.

ఇక్కడ వాన లేదు. పగలు ఎండకి ముక్కు తోలు ఊడుతోంది, రాత్రి బకెట్లో నీళ్లు గడ్డకడుతున్నాయి. చెట్టు అన్నది కనబడదు. ఉప్పు చెరువు ఒకటి ఉంది, దాని ఒడ్డంతా తెల్లటి దుమ్ము. భూమ్మీద అంగారకుడికి దగ్గరగా ఉండే చోటు కావాలని వెతికి దీన్ని పట్టుకున్నారు.

అమ్ములుకి చెప్పు, పిన్ని ఎక్కడికీ దిగదు. ఆరు చక్రాల బండి ఒకటి దిగుతుంది. అది కూడా ఇది కాదు, దీని లాంటిది. దీన్ని ఇక్కడ నడిపి, తప్పులన్నీ ఇక్కడే చేయించి, తర్వాత అసలుది పంపుతారు. బండి తనంతట తనే నడిచి, తనకి నచ్చిన చోట ఆగి చెంచాడు మట్టి తీస్తుంది. లోపల చిన్న గిన్నెలుంటాయి. మట్టిని గిన్నెలో వేసి వేడి చేస్తే ఆవిరి వస్తుంది, యంత్రం దాన్ని వాసన చూస్తుంది. బతికినది ఏదైనా పోయినా దాని జాడ కొంత మిగులుతుందట. ఆ జాడ కోసం. ఆ గిన్నెలు కడిగి, కాల్చి, ఎవరి ఊపిరీ తగలకుండా బండిలో అమర్చడం నా పని.

అక్కడికి ఒక మాట పంపితే చేరడానికి చాలాసేపు పడుతుంది, జవాబుకి మళ్లీ అంత. అందుకని ఇక్కడా అలాగే చేస్తున్నారు. గుడారంలో కూర్చున్నవాళ్లు బండిని కళ్లతో చూడకూడదు. పొద్దున్న ఒకసారి పని చెప్తారు, సాయంత్రం అది ఏం పంపిందో చూస్తారు. మధ్యలో అది బోర్లా పడ్డా వీళ్లకి తెలియదు.

ఇక్కడ తెలుగు మాట్లాడేవాళ్లు లేరు. అందరూ మంచివాళ్లే. భోజనాల దగ్గర నన్ను పలకరించి తర్వాత వాళ్లలో వాళ్లు హిందీలో పడిపోతారు. ఆదివారం సెలవు. పిక్కలు పట్టుకుని శిబిరం దాటి, బండి తిరిగే హద్దుకి బయట, చెరువు వాలులో కూర్చున్నాను. ఇక్కడ వంట గ్యాసు మీద, బూడిద దొరకదు. అందుకని జీడి అంటకుండా నేల మీది మెత్తటి దుమ్ము తీసుకుని చేతులకి పట్టించాను. పిక్కని రాయి మీద పెట్టి ఇంకో రాయితో కొట్టుకుంటూ అన్నీ తినేశాను. మధ్య మధ్య దుమ్ముతో చేతులు తుడుచుకున్నాను. మన ఊళ్లో అయితే పక్కన ఎవరో ఒకరు మాట్లాడుతూ ఉండేవారు. నాలో నేనే రెండు మాటలు అనుకుని లేచాను.

నీళ్ల సంగతి. యంత్రాన్ని పొడి మట్టి కోసం చేశారు. అయినా చూస్తాను.

బావని ఉప్పు మానమను. చేపల పులుసులో ఉప్పు లేకపోతే తినడని తెలుసు. అయినా.

ధరణి


నారపుట్టుగ
30 జూలై 2025

ధరణికి,

ఊడుపులు మొన్నటితో అయ్యాయి. కూలీలు దొరకక నేనూ దిగాను. నడుము ఇంకా నిలవడం లేదు. మీ బావని దిగనివ్వలేదు, గట్టు మీద కూర్చుని అందరికీ సలహాలు చెప్పాడు.

నీ ఉత్తరం రత్నాలమ్మత్త కూడా వింది. నేను చదువుతుంటే అరుగు మీదికి వచ్చి కూర్చుంది. కుజదోషం అని నీ సంబంధాలు రెండు తప్పాయి కదా, ఆ సంగతి ఆవిడ మరిచిపోలేదు. "కుజదోసం పిల్లని ఏకంగా కుజుడి కాడికే పంపేత్తన్నారేటే," అంది. తర్వాత ఆ పిల్ల పక్కన కూర్చుని పిక్కలు కొట్టేవాళ్లు కూడా లేరా అంది.

టెక్కలిలో మళ్లీ రక్తం తీయించాం. జబ్బు ఇంకా పెరిగిందన్నారు. ఇలాగే పెరిగితే మిషను మీదికి వెళ్లాలన్నారు. డయాలసిస్ అన్నమాట. టెక్కలి నుంచి ఆటోలో వచ్చాం. మీ బావ ఆటో దిగి నేరుగా తోటకి వెళ్లిపోయాడు. నేను వెనకే వెళ్తే నూతి గట్టు మీద కూర్చుని ఉన్నాడు. చేద లోపలే ఉంది, తోడలేదు.

రాత్రి కామేశ్ ఫోను చేశాడు. స్పీకరు పెట్టి మాట్లాడారు. "ఒరే తినాదా, నువ్వు రాకపోతే ఆ పని ఇంకొకడికి ఇచ్చేత్తారు. ఎన్నాల్లని ఆపమంటావురా?" మీ బావ అన్నాడు, "మరదలు యంత్రంలో పెట్టి సూత్తంది. అదేటి సెప్తాదో సూసి వత్తాను."

కాబట్టి ఆయన నీ మాట కోసమే ఆగాడు. చూస్తానన్నావు. చూశావా?

మీ అక్క


శిబిరం
2 ఆగస్టు 2025

అక్కా,

సరుకుల బండి బయలుదేరుతోంది, నిలబడి రాస్తున్నాను. యంత్రం పట్టుకుంది. నమూనాలో ఉంది. నిన్న సాయంత్రం తెర మీద గీతలు వచ్చాయి, అందరం గుడారంలో లేచి నిలబడ్డాం. మా పెద్దాయన ఎప్పుడూ నవ్వని మనిషి, నా చేయి పట్టుకుని ఊపేశాడు. గిన్నె నువ్వు అమర్చిందే కదా అన్నాడు. వచ్చిన దగ్గర నుంచి నాతో ఆయన మాట్లాడింది ఇదే మొదలు. రెండోసారి చూసేదాకా ఎవరికీ చెప్పవద్దన్నారు. నువ్వూ చెప్పకు.

నువ్వు అడిగింది మరిచిపోలేదు. మిగతా సంగతులు తర్వాత.

ధరణి


నారపుట్టుగ
16 ఆగస్టు 2025

ధరణికి,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. జెండా పండగని పోస్టు ఉండదనుకున్నాను, పోస్టుమేను దారిలోనే కనబడి ఇచ్చాడు. అక్కడే నిలబడి చదివాను. ఉందని తెలిశాక మనసు కొంత తేలికపడింది. పాపం కదా, తేలికపడకూడదు. కానీ ఇన్నేళ్లలో ఉంది అని చెప్పినదానివి నువ్వొక్కదానివే.

ఎవరికీ చెప్పవద్దన్నావు. మీ బావకి చెప్పకుండా ఎలా ఉంటాను? చదివి వినిపించాను. ఆయన విని, ఇంకోసారి చదవమన్నాడు. తర్వాత అన్నం పెట్టమన్నాడు. ఉప్పు లేని పప్పు వంక పెట్టకుండా తిన్నాడు. చేయి కడుక్కుని కామేశ్‌కి ఫోను చేసి టికెట్టు తీయమన్నాడు. వచ్చే నెల ఏడు, ఆదివారం, చెన్నై మెయిల్‌కి.

ఇక నుయ్యి. అది మా ఒక్కరిదే అయితే నోరు మూసుకుని ఉండేదాన్ని. రత్నాలమ్మత్త మధ్యాహ్నం చేద వేస్తుంటే చూస్తూ ఊరుకోలేకపోయాను. చెప్పేశాను. సాయంత్రానికి ఢిల్లీబాబు వచ్చి నూతి మీద కమ్మలు కప్పి పైన రాళ్లు పెట్టాడు. వాళ్ల చిన్నదానికి కూడా మొన్న మొహం ఉబ్బిందట, మాతో అనలేదు. ఆ మాట చెప్తూ అతను నూతి గట్టు మీద కూర్చుండిపోయాడు. పెళ్లాం పుట్టిల్లు పర్లాకిమిడి వైపు, అక్కడికి వెళ్లిపోతామంటున్నాడు.

రత్నాలమ్మత్త మాత్రం నమ్మీ నమ్మనట్టు ఉంది. "అంత దూరంలో ఉన్న పిల్లకి తెలిసింది, ఈడే తాగుతున్న మనకి తెలీలేదా?" అంది. అని, తనూ కుళాయి నీళ్లే బిందెతో తోటకి మోసుకెళ్తోంది. ఆ వయసులో.

ఏముందో పేరు రాయలేదు. విషమా, మందులు కొట్టినదా, నేలలో పుట్టినదా? పేరు తెలిస్తే టెక్కలి డాక్టరుకి చెప్తాను. ఆయన కూడా తెలుసుకోవాలని చూస్తున్నవాడే.

నీకు పుణ్యం ఉంటుంది. ఒంటరిగా ఉండి మా గురించి ఇంత చేశావు. వేళకి తిను.

మీ అక్క


శిబిరం
27 ఆగస్టు 2025

అక్కా,

ఈ ఉత్తరం బావకి చదివి వినిపించు. రత్నాలమ్మత్తకీ, ఢిల్లీబాబుకీ కూడా.

నేను రాసింది నూతి నీళ్ల గురించి కాదు. ఇక్కడి మట్టి గురించి. నీ సీసా మూత నేను తీయనే లేదు. నా మంచం కింద ఉంది. యంత్రంలో నీళ్లు పోయకూడదు, బయటి నుంచి తెచ్చింది ఏదీ పెట్టకూడదు. పెట్టినా అది బతికినవాటి జాడ వెతికేదే గానీ నీళ్లలో చెడు చెప్పేది కాదు. ఈ సంగతి నీ మొదటి ఉత్తరం చదివినప్పుడే నాకు తెలుసు. లేదు, కాదు అని రాయలేక చూస్తానని రాశాను. నువ్వు ఏదో ఒకటి తెలిస్తే చాలన్నావు. నా దగ్గర ఏదీ లేదు. ఆ మాట రాయడానికి చేయి రాలేదు.

మట్టిలో దొరికిందన్నది కూడా నిలవలేదు. బండి ఇసుకలో కూరుకుపోతోందని హద్దు జరిపారు. జరిపినప్పుడు నేను కూర్చుని పిక్కలు కొట్టిన వాలు లోపలికి వచ్చింది. నేను చూసుకోలేదు. అక్కడ నేల అంతా ఒకేలా ఉంటుంది. బండి తనంతట తనే వెళ్లి, ఏ చెట్టూ పుట్టని నేల అనుకుని, నేను చేతులు తుడుచుకుని పారేసిన దుమ్ములోనే చెంచా పెట్టింది. వాళ్లు ఆ గీతలు చూసి ఇది ఏదో చెట్టు నూనెలా ఉందే, ఇక్కడికి ఎలా వచ్చింది అని రెండు రోజులు తల పట్టుకున్నారు. పాతకాలంలో ఇక్కడ అడవి ఉండేదేమో అని కూడా అన్నారు. నేను గిన్నెలు కడుగుతూ వింటున్నాను. నా వేళ్ల కొసలు అప్పటికే నల్లబడి తోలు ఊడుతున్నాయి. జీడినూనె తగిలితే చేతులు ఎలా అవుతాయో మన ఊళ్లో పుట్టినదానికి ఒకరు చెప్పాలా? అయినా రెండు రోజులు నా చేతులు నేనే చూసుకోలేదు. చూడబుద్ధి కాలేదు. ఆ రెండు రోజులూ భోజనాల దగ్గర నాకు చోటు ఉంచేవారు.

మూడో రోజు వెళ్లి పెద్దాయనకి చేతులు చూపించాను. తిట్టలేదు. నా వేళ్లు తిప్పి చూసి, అంగారకుడి మీద అయితే వెళ్లి అడగడానికి ఎవరూ ఉండరు కదా అన్నాడు. అసలు బండి అక్కడ ఇలాంటిదే పట్టుకుంటే, అది అక్కడిదో మన చేతులదో ఎన్నటికీ తేలేది కాదట. అందుకు మేలే జరిగిందన్నాడు. గిన్నెల పని మాత్రం ఇంకొకరికి ఇచ్చారు. నేను పెట్టెలు సర్దుతున్నాను. వచ్చే నెల పదో తారీకు సరుకుల బండిలో నన్ను కిందికి, మా బెంగళూరు ఆఫీసుకి పంపుతారు.

సీసా బెంగళూరులో నీళ్లు పరీక్ష చేసేచోట ఇస్తాను. అలాంటి చోట ముందు అడిగేది ఏం వెతకాలి అని. ఏం వెతకమని చెప్పాలో నాకు తెలియదు. తెలిసినవన్నీ వెతికించి ఏదీ కనబడకపోయినా, లేదని అర్థం కాదు. ఇక్కడ నేను నేర్చుకున్నది అదొక్కటే.

నా మాట మీద కదలవద్దని బావకి చెప్పు.

ధరణి


నారపుట్టుగ
9 సెప్టెంబరు 2025

ధరణికి,

ఎండగా ఉంది. వరి పచ్చబడింది. తోటలో కొత్త మొక్కలకి నీళ్లు పెట్టి వచ్చి రాస్తున్నాను. నువ్వు రేపు బయలుదేరతావని తెలుసు. ఇది అక్కడికి వెళ్లేసరికి నువ్వు ఉండవు. అయినా శిబిరం పేరు మీదే వేస్తాను, బెంగళూరు అడ్రసు నా దగ్గర లేదు. ఫోనులో ఇవన్నీ నేను చెప్పలేను.

నీ ఉత్తరం శుక్రవారం అందింది. అప్పటికి మీ బావ ప్రయాణానికి రెండు రోజులు ఉంది. దాచలేదు. ఆయన పెరట్లో కూర్చుని సంచి జిప్పుకి కొబ్బరినూనె రాస్తున్నాడు. ఎదురుగా కూర్చుని మొదటి నుంచి చివరిదాకా చదివాను. జీడిపిక్కల దగ్గర కొంచెం నవ్వాడు. తర్వాత అడిగాడు.

"అయితే నూతిలో ఏటీ లేదన్నమాట."

"లేదని రాయలేదు. సూడలేదని రాసింది."

జిప్పు రెండుమూడుసార్లు లాగి చూసుకున్నాడు. నేను ఉండిపొమ్మని అనలేదు. వెళ్లమనీ అనలేదు. ఏదంటే ఏం జరుగుతుందో అని. చీకటి పడ్డాక, అమ్ములు లోపల చదువుకుంటుంటే, మెల్లగా అన్నాడు.

"నాను ఎల్తానే ప్రమోదినీ. ఎవురో ఒకరు సెప్తారని కూసున్నాను. ఎవురూ సెప్పరు. ఆల్లకీ తెలీదు. పాపారావు మావా ఇలాగే కూసున్నాడు గదా."

అంతే. నీ మీద ఒక్క మాట అనలేదు. నేను అన్నాను, మనసులో. ఒకసారి కాదు. ఇప్పుడు ఆ కోపం లేదు.

శనివారం నీ ఉత్తరం పట్టుకుని రత్నాలమ్మత్త ఇంటికి వెళ్లాను. విని లేచి తోటకి నడిచింది. నేను వెనకే వెళ్లాను. నూతి మీది రాళ్లు తనే దొర్లించి, కమ్మలు లాగి పడేసి, చేద వేసి తోడుకుని నా ఎదురుగానే కడుపు నిండా తాగింది. "ఆకాశంలో ఎతుకుతారు గాని మన నూతిలోకి తొంగి సూడరు," అంది. తర్వాత చేద నా వైపు తోసి, నువ్వూ తాగు అనలేదు, మొక్కలకి పోసుకో అంది.

ఢిల్లీబాబుకీ చెప్పాను. నా మాట పొరపాటు, నుయ్యిని ఎవరూ పరీక్ష చేయలేదు అని. అతను సామాను కడుతున్నాడు. సరే వదినా అన్నాడు, కట్టడం ఆపలేదు. పిల్ల మొహం ఇంకా ఉబ్బే ఉంది.

నేనెందుకు వెళ్లలేదని అడుగుతావు. పంట చేతికి రావాలి. అమ్ములు బడి ఉంది. కొత్తగా వేసిన కొబ్బరి మొక్కలు రెండేళ్లు నీళ్లు చూడకపోతే నిలబడవు. చెన్నైలో తోడికోడలు మీ బావకి ఉప్పు లేకుండా వండుతుందట. అక్కడి ఆసుపత్రిలో చీటీ రాయించారని నిన్న ఫోనులో చెప్పాడు. కొత్త మొక్కల సంగతి అడిగి పెట్టేశాడు.

తోటకి కుళాయి నీళ్లు పట్టుకెళ్తున్నాను. మధ్యాహ్నానికి అయిపోతాయి.

సీసా ఇవ్వడం నీకు కుదిరితే ఇవ్వు. ఏం వెతకమంటారని అడిగితే మనుషులు ఎందుకు పోతున్నారో అది వెతకమను. వాళ్లు నవ్వితే ఊరుకో.

వేళ్లు మానాయా? కొబ్బరినూనె రాయి, నీళ్లు తగలనివ్వకు.

మీ బావ ఏడో తారీకు ఆదివారం పలాసలో మెయిల్ ఎక్కాడు. అమ్ములూ నేనూ స్టేషనుకి వెళ్లాం. ఢిల్లీబాబు, పెళ్లాం, పిల్ల ఈ రోజు పొద్దున్న ఆటోలో వెళ్లారు.

ప్రమోదిని